చిన్నాయన ఎత్తు బంగారం

మా ఇంట్లో ఎవరి పని వాళ్లకుండేది. బేరాలు మా బాపువి, వంట అమ్మది, పెత్తనం నాయనమ్మది. భయపడటం చిన్నాయనది. చిన్నాయన అంటే మా బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆ పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు, ఆయనే నెత్తికెత్తుకున్నాడు. మేమూ ఆయనకే వదిలేసి హాయిగా ఉన్నాం. మధ్యాహ్నం రైలుకు పొద్దున్నే పోయి స్టేషన్‌లో కూర్చునేవాడు. నేను బడి నుంచి వచ్చేటప్పుడు దోస్తుల ఇంట్లో కాసేపు ఆగితే, సందు మొగదల నిలబడి వచ్చేపోయే ప్రతి రిక్షాలోకీ తొంగిచూసేవాడు. ఎవరికన్నా తుమ్మొస్తే దవాఖానకు పోదామా అని అడిగేవాడు. మేం నవ్వేవాళ్లం. నవ్వేవాళ్లమే గానీ, అర్ధరాత్రి వాన మొదలైతే పెరట్లో ఆరేసిన బట్టలు ఎవరు తీస్తారన్న ఆలోచన మాలో ఎవరికీ వచ్చేది కాదు. పొద్దున లేచేసరికి అవి మడతలు పెట్టి ఉండేవి.

వరంగల్ బజారులో మాది బెల్లం దుకాణం. ఇల్లు అక్కడికి దగ్గరే, చౌరస్తా దాటితే వచ్చే సందులో. దుకాణం మూసి తాళం వేశాక చిన్నాయన దాన్ని పట్టుకుని గుంజి చూసేవాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, మళ్లీ గుంజేవాడు. ఒక్కోసారి చౌరస్తా దాకా వచ్చినవాడు కూడా తిరిగి పోయేవాడు. గిరాకీలకు తూచేటప్పుడు ముల్లు సరిగ్గా నిలబడ్డాక కూడా ఇంకో చిన్న ముక్క వేసేవాడు. ఎందుకురా అని బాపు కసిరితే, తక్కువ పడిందేమోనని తర్వాత మనసు పీకుతుందన్నా అనేవాడు. నీ మనసు కోసం నా బెల్లం కరుగుతాందని బాపు గొణుక్కునేవాడు. అయినా పల్లెల నుంచి వచ్చే రైతులు, కూలినాలి చేసుకునేవాళ్లు బాపు ముందు నిలబడకుండా తిన్నగా చిన్నాయన దగ్గరికే పోయేవాళ్లు. మా దుకాణానికి పేరు తెచ్చింది ఆ చిన్న ముక్కేనని బాపుకు బాగా తెలుసు, ఒప్పుకునేవాడు కాదంతే.

నేను బాపు పోలిక. కోపమొస్తే అరుస్తాను, అరిచాక ఆకలేస్తుంది, తిని పడుకుంటాను. పొద్దున లేచేసరికి ఎవరి మీద అరిచానో కూడా గుర్తుండదు. చిన్నాయన అట్లా కాదు. ఆయన మీద ఎవరన్నా అరిస్తే ఆ మాట ఆయన లోపలికి పోయి కూర్చునేది. నెల తర్వాత, ఏ సంబంధమూ లేకుండా, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, ఆ రోజు ఆయన అట్లా అన్నాడు కదా, తప్పు నాదేనేమో అనేవాడు. ఏ రోజు, ఎవరు, ఏమన్నారు అని మేం అందరం ముఖాలు చూసుకునేవాళ్లం.

ఇదంతా విని ఆయన్ను ఏడుపుగొట్టు మనిషి అనుకుంటే పొరపాటు. మా ఇంట్లో అందరికంటే నవ్వించేది ఆయనే. ములుగు అవతల అడవి పల్లె నుంచి వచ్చే ఒక తాత బెల్లం కొనేముందు కొరికి, కళ్లు మూసుకుని, నాలుక చప్పరించి, ఆకాశం వైపు చూసి, చివరికి బాగోలేదని తల అడ్డంగా ఊపి, అదే బెల్లం బస్తాడు కొనుక్కుపోయేవాడు. ఆ తాతను చిన్నాయన చేసి చూపిస్తే నాయనమ్మకు పొలమారేది. మార్కెట్‌లో వేలం పాడే మనిషిని, రిక్షాలో ఎక్కి కూర్చున్నాక కిరాయి తెగ్గొట్టే పెద్దమ్మను, చివరికి కోపమొచ్చిన మా బాపును కూడా చేసి చూపేవాడు. బాపు లేనప్పుడే అనుకోండి. మనుషుల్ని అంత భయంభయంగా, అంత శ్రద్ధగా చూసేవాడు కాబట్టే అట్లా దించగలిగేవాడని నాకు ఇప్పుడనిపిస్తుంది.

అటువంటి చిన్నాయనను ఒక ఏడాది మేం చేజార్చుకోబోయాం. ఒకే ఇంట్లో ఉండి, ఒకే గిన్నెలోది తింటూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ముఖం చూస్తూనే. డెబ్బైల చివరి మాట అది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను.

ఆ ఏడు దసరా ముందు గట్టి వాన పడి దుకాణం వెనక గది కురిసింది. పైన వరుసలో పెట్టిన బెల్లం ముద్దలు కరిగి పాకంలా కారాయి. బాపు ఆ రోజంతా మేస్త్రీని, పెంకుల్ని, మబ్బుల్ని వరసపెట్టి తిట్టాడు. మర్నాడు ఆ కరిగిన బెల్లాన్ని పశువుల దాణాకు ఎవరికో అంటగట్టి, సాయంత్రానికి అంతా మరిచిపోయాడు. చిన్నాయన మరవలేదు. ముద్దల మీద తాడిపత్రి పట్టా ముందే కప్పాల్సింది, తప్పు తనదే అన్నాడు. కాదని అందరం చెప్పాం. సరే అన్నాడు. ఆయన సరే అంటే అయిపోయిందనుకున్నాం.

ఆ వాన వల్లనే అంతా జరిగిందని చెప్పను. కారణం ఒకటి దొరికితే మనకు హాయిగా ఉంటుంది, అందుకని వెతుక్కుంటాం. ఏదైతేనేం, దసరా వెళ్లినాక చిన్నాయన కొంచెం కొంచెంగా మా మధ్య నుంచి జరిగిపోయాడు. అన్నం ముందు కూర్చుని వేళ్లతో కెలికి లేచేవాడు. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, తన వంటే బాగాలేదనుకుని రోజుకో కూర చేసేది. పచ్చిపులుసు పెట్టింది, సర్వపిండి కాల్చింది, పుంటికూర పప్పు వండింది. అవన్నీ చివరికి నేనే తినేదాన్ని. ఆయన పొద్దున అందరికంటే ముందు లేచి అరుగు మీద కూర్చునేవాడు. పలకరిస్తే ఆ, ఊ అనేవాడు. తాళం గుంజడం ఎక్కువైంది. మళ్లీ మళ్లీ వెనక్కిపోయి చూసి వచ్చేవాడు.

అమ్మతో చిన్నమ్మ ఒకట్రెండుసార్లు చెప్పింది, ఈయన సంగతి ఏదో తేడాగా ఉందని. అమ్మ నాయనమ్మతో అంది. నాయనమ్మ బాపుతో అంది. బాపు చెయ్యి ఊపేశాడు. “వాడెప్పుడు అట్లనే గదా,” అన్నాడు. అంతటితో ఆ మాట ముగిసింది. నిజమే కదా. భయపడటం ఆయనకు కొత్త కాదు. దిగులు కొత్త కాదు. ఎప్పుడూ నలతగా ఉండే మనిషికి జ్వరమొస్తే ఎవరు గుర్తుపడతారు? మేం చూడాల్సింది భయాన్ని కాదు, ఇంకోదాన్ని. ఆ చలికాలమంతా ములుగు తాత మా ఇంట్లోకి ఒక్కసారి కూడా రాలేదు. వేలం పాడే మనిషి రాలేదు, రిక్షా పెద్దమ్మ రాలేదు. భయం ఎక్కడిదక్కడే ఉంది, నవ్వు వెళ్లిపోయింది. అది మాకు ఎవరికీ తట్టలేదు.

మాఘమాసం దగ్గర పడింది. అది సమ్మక్క జాతర వచ్చే ఏడు. ఏడాది విడిచి ఏడాది వస్తుంది. జాతర వస్తుందంటే మా బజారుకు ఊపిరి ఆడదు. తల్లికి ఎక్కే బెల్లాన్ని ఎవరూ బెల్లం అనరు, బంగారం అంటారు. మొక్కున్నవాళ్లు తమ ఎత్తు బంగారం ఇస్తారు. అంటే కాంటాలో ఒక పక్క మనిషి కూర్చుంటే రెండో పక్క అంత బరువు బెల్లం పెడతారు, దాన్ని మేడారం తీసుకుపోయి తల్లుల గద్దెల దగ్గర సమర్పిస్తారు. మా దుకాణంలో దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద కాంటా ఉండేది. దాని పళ్లేలు చెక్కవి, మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చునేంతవి. ఆ రోజుల్లో చిన్నాపెద్దా వరసకట్టి దాంట్లో కూర్చునేవాళ్లు. ఆడవాళ్లను తూచినప్పుడు బరువు బయటికి చెప్పకుండా చిన్నాయన జాగ్రత్తపడేవాడు. బాపైతే బజారంతా వినబడేట్టు అరిచేవాడు.

మా ఇంటికీ ఒక మొక్కుంది. చిన్నాయన పుట్టినప్పుడు పిడికెడంత ఉన్నాడట, పాలు తాగేవాడు కాదట. బిడ్డ దక్కితే, బతికినన్నాళ్లూ ప్రతి జాతరకూ వాడి ఎత్తు బంగారం ఇస్తానని నాయనమ్మ మొక్కుకుంది. అందుకని జాతర ముందు ఒక మంచిరోజు చూసి చిన్నాయనను మా కాంటాలోనే తూచేవాళ్లు. అది మా ఇంటి పండగ. కాంటా గొలుసులకు పసుపు రాసి కుంకుమ పెట్టేవాళ్లు. చుట్టుపక్కల దుకాణాల సేట్లు, హమాలీలు చేరి, పోయినసారికంటే చిన్న షావుకారు ఎంత పెరిగాడో అని పరాచికాలు ఆడేవాళ్లు. చిన్నమ్మను కూడా వదిలేవాళ్లు కాదు.

ఆ ఏడు మాత్రం ఆయన తూకం వాయిదా వేస్తూ వచ్చాడు. గిరాకీ ఉంది రేపు అన్నాడు, తలస్నానం చేయలేదు ఎల్లుండి అన్నాడు. చివరికి నాయనమ్మ కోప్పడితే ఒకరోజు పొద్దున తడి తలతో, కొత్త ధోతీ కట్టుకుని, పొడుగు లాల్చీ తొడుక్కుని వచ్చాడు. మేమందరం దుకాణంలోనే ఉన్నాం, చిన్నమ్మ మాత్రం వెనక గది తలుపు చాటున నిలబడింది. ఆయన పళ్లెంలో కూర్చున్నాడు. బాపు రెండో పక్క ముద్ద మీద ముద్ద పెట్టాడు. ముల్లు నిలబడింది. పోయిన జాతరకు ఎంత పట్టిందో ఇంచుమించు అంతే పట్టింది. “చూసిండ్రా, మా తమ్ముడు చెక్కు చెదరలే,” అని బాపు చుట్టూ చూశాడు. చిన్నమ్మ ముఖంలో ఎన్నో రోజుల తర్వాత కాస్త వెలుగొచ్చింది. ఆయన ఏమీ తినడం లేదన్నది తన భ్రమేనేమో అనుకుందట.

చిన్నాయన పళ్లెం దిగబోయాడు. కాలు తడబడింది. దభీమని ఏదో బండల మీద పడింది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. అందరం కిందికి చూశాం. తూకం రాళ్లు. పేరుకు రాళ్లేగానీ అన్నీ ఇనుపవే, మా దుకాణంవే. తువ్వాలలో మూటకట్టి లాల్చీ లోపల నడుముకు బిగించుకున్నాడు, ముడి ఊడింది.

ముందు బజారంతా నవ్వింది. గిరాకీలకు ముక్క ఎక్కువేసే ఈ ధర్మరాజు, సమ్మక్క తల్లి దగ్గర దొంగ తూకం వేస్తున్నాడేందని పక్క దుకాణం సేటు అన్నాడు. నేనూ నవ్వాను. ఇది కూడా చిన్నాయన ఆటల్లో ఒకటేమో, నవ్వించడానికే చేశాడేమోనని నాకు సంతోషం కూడా వేసింది. చిన్నాయన నవ్వలేదు. నేల వైపే చూస్తూ నిలబడ్డాడు. బాపు ఇదేందిరా అని గద్దించాడు. అప్పుడు చెప్పాడు. ధోతీ వదులవుతుంటే తాను తగ్గిపోయానని తెలిసిందట. పోయిన జాతరకంటే తల్లికి తక్కువ ఇస్తే ఇంటికి ఏం కీడు జరుగుతుందోనని రోజూ అదే ఆలోచనట. అన్న వ్యాపారం ఏమవుతుందో, పిల్లల చదువులేమవుతాయో, అంతా తన వల్లే జరుగుతుందేమోనని. అందుకని తల్లికి లోటు రాకుండా రాళ్లు కట్టుకున్నాడు. లోకంలో ఎవరైనా తక్కువ ఇవ్వడానికి తూకాన్ని మోసం చేస్తారు. ఎక్కువ ఇవ్వడానికి మోసం చేసిన మనిషిని నేను మా ఇంట్లోనే చూశాను.

నాయనమ్మ గల్లాపెట్టె పక్కన పీట మీద నుంచి లేచి వచ్చింది. మూటలో మిగిలిన రాళ్లు తన చేత్తోనే విప్పి కింద పెట్టి, మళ్లీ కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. బెల్లం ఉన్న పళ్లెం నేలకు దిగబడి, చిన్నాయన పైకి లేచాడు. అంతెత్తున కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆయన్ను చూసేసరికి నవ్వులు ఆగిపోయాయి. బాపు ఒక ముద్ద తీశాడు. ముల్లు కదల్లేదు. ఇంకోటి తీశాడు. చిన్నాయన పైనుంచి, తీయకన్నా, తల్లికి తక్కువైతది అని బతిమాలాడు. బాపు చేయి ఆగిపోయింది, నాయనమ్మ వైపు చూశాడు.

“తీయి,” అంది నాయనమ్మ. “నేను మొక్కింది నా కొడుకంత. నా కొడుకు ఎంతుంటే అంత.”

బాపు తీస్తూ పోయాడు. ఎంతకీ తూకం కలవలేదు. తీసిన ముద్దలు పక్కన కుప్ప అవుతుంటే, మా తమ్ముడిలో ఇంత పోయిందా అన్నట్టు బాపు ముఖం తెల్లబడుతూ వచ్చింది. ఎంతమంది బరువో కంటితో చూసి చెప్పగలిగిన మనిషి ఆయన. మనిషిని చూస్తూనే ఇంత ఉంటాడని అంటే కాంటా కూడా అదే చెప్పేది. రోజూ పక్కన కూర్చునే తమ్ముడి బరువు మాత్రం కనిపెట్టలేకపోయాడు. చివరికి ముల్లు నిలబడింది. వచ్చినవాళ్లు మెల్లిగా ఎవరి దుకాణాల్లోకి వాళ్లు పోయారు. నాయనమ్మ చిన్నాయన లాల్చీ చేయి పైకి జరిపి, ఆ చేయి పట్టుకుని చూసింది. అప్పుడు ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

“పొద్దుగాల లేవాలంటే భయమైతాందే అమ్మా. ఎందుకో నాకే ఎర్క లేదు,” అన్నాడు.

బాపు, నాయనమ్మ జాతరకు పోయి ఆ తగ్గిన బంగారమే గద్దెల దగ్గర ఇచ్చి వచ్చారు. వచ్చాక నాయనమ్మ తనకు తెలిసిన వైద్యమంతా చేసింది. దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, పాలకుర్తి గుట్ట ఎక్కించి దేవునికి మొక్కించింది. ఆయన అన్నింటికీ తల వంచాడు. ఎవరి మనసూ నొప్పించలేని మనిషి, తాయెత్తును మాత్రం ఎందుకు నొప్పిస్తాడు? గుట్ట మెట్లు ఎక్కుతూ కూడా నాయనమ్మ మోకాళ్లు నొప్పి పుడుతున్నాయేమోనని అడుగుతూనే ఉన్నాడట. నయం మాత్రం కాలేదు.

అప్పుడు చిన్నమ్మ ఒక పని చేసింది. మా ఇళ్లల్లో తమ్ముడి భార్య బావ ఎదుటికి రాదు. మాట్లాడాల్సి వస్తే తలుపు చాటున నిలబడి ఎవరితోనో చెప్పిస్తుంది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ చిన్నమ్మ గొంతు బాపు విన్నది లేదు. ఆ రోజు బాపు అన్నం తింటుంటే ఆమె తలుపు దాటి వచ్చి ఎదురుగా నిలబడింది. కొంగు తల మీద ఉంది. “ఈయనను పెద్ద డాక్టర్‌కు చూపియ్యుండ్రి బావా. ఎవలేమన్న అనుకోనీ, నాకు ఈయన కావాలె,” అంది. బాపు ముద్ద నోట్లో పెట్టుకోకుండా కంచంలో వదిలేశాడు. రేపే పోదామని చెప్పు అన్నాడు, ఆమె ఎదురుగానే ఉన్నా, అలవాటుకొద్దీ మా అమ్మ వైపు చూస్తూ.

సుబేదారిలో మనసు జబ్బులు చూసే డాక్టర్ ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి పోవడమంటే అప్పట్లో చిన్న సంగతి కాదు. బజారుకు తెలిస్తే పిచ్చి అంటారు. ఆ తర్వాత ఆ ఇంటి పిల్లను ఎవరూ అడగరు, ఆ ఇంటివాళ్లతో బేరం చేసేవాళ్లు కూడా రెండుసార్లు ఆలోచిస్తారు. ఆ పిల్లను నేనే కాబట్టి ఈ సంగతి నా వెనక చాలా చర్చకు వచ్చిందని తర్వాత తెలిసింది. సుబేదారిలో ఆఫీసులు ఎక్కువ కదా, అమ్మకం పన్ను ఆఫీసులో పనుందని బజారులో చెప్పి, బాపు చిన్నాయనను రిక్షా ఎక్కించుకుని పోయాడు. అక్కడ జరిగినదంతా బాపే అమ్మకు చెప్పాడు. నేను వడ్లగదిలో చదువుకుంటున్నట్టు కూర్చుని మొత్తం విన్నాను.

ఎప్పటి నుంచి ఇట్లా ఉన్నాడని డాక్టర్ అడిగితే, చిన్నప్పటి నుంచీ ఇంతే సార్ అన్నాడట బాపు. డాక్టర్ చిన్నాయన వైపు తిరిగి, భయం చిన్నప్పటిది సరే, నవ్వడం ఎప్పుడు మానేశావని అడిగాడట. దసరా వెళ్లినంక, అని చిన్నాయన వెంటనే చెప్పాడట. అంటే ఆయనకు తెలుసు. తనలో ఏది పాతదో, ఏది కొత్తగా వచ్చిందో ఆయనకు మొదటి నుంచీ తెలుసు. తర్వాత డాక్టర్ దాపరికం లేకుండా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగాడట.

“అనిపిస్తాంది సార్,” అన్నాడట చిన్నాయన. “కానీ జాతర ముందట అన్న ఒక్కడే దుకాణం ఎట్ల ఎల్లదీస్తడో అని ఫికరైంది. అందుకే ఆగిన.”

ఆ మాట చెబుతూ బాపు ఏడ్చాడు. మా బాపు ఏడవగా వినడం నాకు అదే మొదటిసారి. మేం అందరం వెక్కిరించిన ఆ ఫికరే, ఆ బెంగే ఆయన్ను ఈ గడప లోపల పట్టి ఉంచింది. ఆ ఫికరే ఆయన్ను తినేసింది కూడా. రెండూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

డాక్టర్ చాలాసేపు వివరించాడట. కొందరి ఒళ్లు ఎండకు తొందరగా కందుతుంది, అది జబ్బు కాదు, వాళ్ల తత్వం అంతే. కానీ వడదెబ్బ తగిలే రోజు వస్తే అటువంటివాళ్లకే ముందు తగులుతుంది. మీ తమ్ముడిది అటువంటి మనసు, ఇప్పుడు వచ్చింది మాత్రం జబ్బు, జబ్బుకు మందుంది అన్నాడట. మరి ఈ భయపడే తత్వం మారడానికి కూడా గోలీలు ఇవ్వండి అని బాపు అడిగాడట, ఎలాగూ వచ్చాం కదా, రెండూ ఒకేసారి కొనుక్కుపోదామన్నట్టు. డాక్టర్ నవ్వాడట. దానికి గోలీల్లేవు, ఉన్నా ఇయ్యను, మళ్లీ ఇటువంటి తమ్ముడు మీకు ఎక్కడ దొరుకుతడు అన్నాడట. ఆ భయమంతా ఒక్కడి మీద పెట్టకుండా తలా కాస్త పంచుకోండని చెప్పి పంపించాడట.

రిక్షాలో తిరిగి వస్తూ, నాకు ఎందుకు చెప్పలేదురా అని బాపు అడిగాడు. దానికి చిన్నాయన నిష్ఠూరంగా కాదు, ఉన్నదున్నట్టు, నువ్వు అడుగలేదు కదన్నా అన్నాడు. ఈ ఒక్క మాట మాత్రం బాపు అమ్మకు ఆ రోజు చెప్పలేదు. చాలా ఏళ్లకు నాతో అన్నాడు.

గోలీలు మొదటి ఒకటిరెండు వారాల్లో ఏ గుణమూ చూపలేదు. నోరు ఎండిపోతోందని, నిద్ర మత్తుగా ఉందని చిన్నాయన అన్నాడు. మానేద్దామా అని కూడా అన్నాడు. చిన్నమ్మ ఊరుకోలేదు, ఎదురుగా నిలబడి మింగించేది. ఎండాకాలం ముదిరేసరికి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. మామిడికాయ పచ్చడి కలిపే రోజు, ఉప్పు చాలలేదని పోట్లాడుకుంటున్న అమ్మను, నాయనమ్మను ఇద్దరినీ ఒకేసారి చేసి చూపించాడు. నాయనమ్మ నవ్వలేదు. కారం చేతులతోనే ఆయన తల పట్టుకుని ముద్దు పెట్టుకుంది. కళ్లు మండి ఆయన పెరట్లోకి పరుగెత్తాడు. మేం మాత్రం పడీపడీ నవ్వాం.

తత్వం మారలేదు. ఇప్పటికీ రైలుకు పొద్దున్నే పోయే మనిషే. మారింది మా బాపు. ఆయనకు భయపడటం చేతకాదు, అడగడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి కూర్చోగానే, మార్కెట్‌లో ధర ఎట్లుందని అడిగినట్టే గట్టిగా, లోపల ఎట్లున్నదిరా అని అడిగేవాడు. మొదట్లో అందరికీ ఇబ్బందిగా ఉండేది. మంచిగనే ఉన్నదన్నా అని చిన్నాయన తల వంచుకుని చెప్పేవాడు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. రోజూ అడిగే ప్రశ్నకు రోజూ అబద్ధం చెప్పడం కష్టం. కొన్నాళ్లకు ఆయన నిజాలు చెప్పడం మొదలుపెట్టాడు. రాత్రి నిద్ర పట్టలేదన్నా అనేవాడు, లేకపోతే జర బరువుగున్నది అనేవాడు. దానికి బాపు చేసే వైద్యం ఒక్కటే. ఇంకో ముద్ద అన్నం వడ్డించమనేవాడు.

ఎనభైల్లో ఒక జాతర ముందు. నేను కాలేజీలో చేరాను, సెలవు రోజున దుకాణానికి అన్నం డబ్బా తీసుకుపోయాను. బజారు ఇసుక వేస్తే రాలనట్టుంది. మా దుకాణం ముందు ఎడ్లబండ్లు, రిక్షాలు, నెత్తిన పసుపు గుడ్డలు చుట్టుకున్న జనం. కాంటా ఒక్క క్షణం ఆగడం లేదు. చిన్నాయన తూస్తూ తూస్తూ ఆగి, బాపు దగ్గరికి వచ్చి, అందరి మధ్యనే, “అన్నా, ఇయ్యాల నాకు లోపల మంచిగ లేదు,” అన్నాడు. ఆ రోజు బాపు అడగలేదు. ఆయనే చెప్పాడు.

బాపు ఆయన ముఖంలోకి చూశాడు. చేతులు ధోతీకి తుడుచుకున్నాడు. లోపల ఉన్నవాళ్లకు దండం పెట్టి బయటికి పంపించి, తలుపు చెక్కలు ఒక్కొక్కటే తెచ్చి పెట్టడం మొదలుపెట్టాడు. జాతర వారంలో పట్టపగలు దుకాణం మూస్తే బజారులో ఎవరో పోయారనే అర్థం. పక్క దుకాణం సేటు పరుగెత్తుకొచ్చి ఎవరికి ఏమైందని అడిగాడు. ఒకప్పుడు అమ్మకం పన్ను ఆఫీసు పేరు చెప్పుకుని రిక్షా ఎక్కిన మా బాపు, నాలుగు దుకాణాలకు వినబడేట్టు జవాబు చెప్పాడు.

“ఎవలకు ఏం గాలే. మా తమ్మునికి ఇయ్యాల మనసు మంచిగ లేదు. రేపు తీస్తం.”

చివరి చెక్క పడ్డాక లోపల సందుల్లోంచి వచ్చే వెలుతురే మిగిలింది. అన్నదమ్ములిద్దరూ బెల్లం బస్తాల మీద పక్కపక్కన కూర్చున్నారు. నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని మూలన నిలబడ్డాను. బాపుకు ఓదార్చడం రాదు, ఊరికే కూర్చున్నాడు. బయట ఎవరో తలుపు తట్టి, సేటూ అని పిలుస్తున్నారు. చిన్నాయన కాసేపు విని, లేవబోయాడు.

“గిరాకీ పోతాందన్నా,” అన్నాడు.

బాపు ఆయన చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. “పోనియ్యిరా. నువ్వుంటే నాకు సాలు.”